పట్టుబట్టిన బోల్టు: మోటారు సైకిలు ఫోర్కులో రసాయన శాస్త్రం

న్యూజీలాండ్‌లో ఎక్కడ నివసించినా సముద్రం మరీ దూరం కాదు. దేశంలో ఏ చోట నిలబడినా తీరం సుమారు 130 కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఆక్లండ్, వెల్లింగ్టన్ వంటి నగరాలలోని కొన్ని వీథులలో ఆ దూరాన్ని మీటర్లలో కొలవవచ్చు. విశాఖపట్నంలో బీచి రోడ్డు సమీపాన కాపురమున్న వారికి కిటికీ ఊచలు, తలుపు గొళ్ళాలు ఎంత త్వరగా తుప్పు పడతాయో చెప్పనవసరం లేదు. ఇక్కడ కట్టె చట్రంతో కట్టే ఇళ్ళకు వర్తించే ఎన్.జెడ్.ఎస్. 3604 అనే ప్రమాణం, తీరం నుండి 500 మీటర్ల లోపు ప్రదేశాన్ని 'డి' మండలంగా వేరుచేసి, అక్కడ వాడే మేకులకు, పట్టీలకు ప్రత్యేక నిబంధనలు విధించింది. మోటారు సైకిళ్ళకు అట్టి మండలాలు లేవు. ఉప్పుగాలి మాత్రం వాటికీ అదే.

మన కుటుంబాలలోని యువకులు కొందరు ఇరవై, ముప్ఫై ఏళ్ళనాటి జపాను మోటారు సైకిళ్ళను కొని, వారాంతాలలో గ్యారేజీలో విప్పుకొని కూర్చుంటున్నారు. తల్లిదండ్రులకు ఇది అంతగా రుచించదు గాని, నా దృష్టిలో ఇది మంచి విద్యయే. ఈ విద్యలో తొలి పరీక్ష సాధారణంగా ముందు ఫోర్కు వద్ద ఎదురవుతుంది. ఫోర్కు నుండి నూనె కారుతూ ఉంటే 'వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్' తనిఖీలో బండి నెగ్గదు. సీలు మార్చాలంటే ఫోర్కు విప్పాలి, విప్పాలంటే బోల్టులు కదలాలి. అవి కదలవు!

ఎందుకు కదలవు? సాధారణమైన ఫోర్కులో పైన ఉక్కు గొట్టం, దానిపై జారుతూ క్రింద అల్యూమినియం పోత కాలు ఉంటాయి. ఇరుసును పట్టి ఉంచే బిగింపు బోల్టులు, కాలి అడుగు నుండి లోపలికి పోయే పొడవైన బోల్టు ఉక్కువి. అవి కూర్చునే రంధ్రాలు అల్యూమినియానివి. రెండు వేర్వేరు లోహాలను తాకించి వాటి నడుమ ఉప్పునీటిని ఉంచితే ఏర్పడేది చిన్న విద్యుత్ ఘటం. ప్రమాణ ఎలక్ట్రోడు పొటెన్షియల్ ఇనుముకు -0.44 వోల్టులు, అల్యూమినియానికి -1.66 వోల్టులు. కనుక ఈ ఘటంలో క్షయించేది అల్యూమినియమే. మామూలుగా దానిని పలుచని ఆక్సైడు పొర కవచమై కాపాడుతుంది. అందువల్ల వాస్తవంలో తేడా ఇంత పెద్దది కాదు. అయితే ఉప్పులోని క్లోరైడు అయాన్లు ఆ కవచానికి చిల్లులు పొడుస్తాయి. బోల్టుపై జింకు పూత ఉన్నంత కాలం జింకే ముందు తాను అరిగిపోతూ మిగిలిన వాటిని కాపాడుతుంది. పూత తీరిన నాడు అసలు కథ మొదలవుతుంది.

క్షయించిన లోహం మాయమైపోదు. అల్యూమినియం హైడ్రాక్సైడుగా మారినప్పుడు అది మూల లోహం కంటె మూడు రెట్లకు మించిన స్థలాన్ని ఆక్రమిస్తుంది. ఇనుప తుప్పు విషయమూ దాదాపు అంతే. మరచుట్ల నడుమ ఉండే సన్నని సందులో ఈ తెల్లని పిండి ఉబ్బి, మేకు చుట్టూ దిగగొట్టిన చీలల వలె బోల్టును బిగించివేస్తుంది. ఇది చాలదన్నట్లు, సవ్యంగా ఉన్న బోల్టును బిగించేటప్పుడు సైతం మనం పెట్టే బలంలో పదవ వంతు మాత్రమే బోల్టును సాగదీస్తుంది. సుమారు సగం తల క్రింది ఘర్షణకు, తక్కినది మరచుట్ల ఘర్షణకు పోతుంది. ఆ ఘర్షణ పెరిగిన కొద్దీ పానా మీద మనం వేసే బరువు బోల్టును త్రిప్పదు, మెలిపెడుతుంది. మెలి మితిమీరితే తల తెగి చేతికి వస్తుంది.

కాబట్టి బలానికి ముందు నూనె, వేడి, ఓపిక కావాలి. నూనె సందులోకి చేరేది కేశనాళికా చర్య వలన. దీపపు వత్తిలో నూనె ప్రాకినట్లే, ద్రవం ఎంత పలుచనైతే అంత లోతుకు పోతుంది. 1953లో శాన్‌డీగోలో తయారైన డబ్ల్యూడి-40 పేరులోని అక్షరాలకు నీటిని తొలగించునది అని అర్థం. దాని జన్మప్రయోజనం తుప్పు పట్టకుండా చూచుటయే. తుప్పు సందులలోకి చొరబడటానికే తయారైన నూనెలు వేరే ఉన్నాయి. ఏది వాడినా ఒక రాత్రి నాననివ్వాలి. ఒక్క చుక్క అయినా బ్రేకు డిస్కు మీదకు, ప్యాడ్‌ల మీదకు పోకుండా ముందే గుడ్డ కప్పాలి.

వేడి ప్రభావం ఇంకా ఆసక్తికరం. ఒక్కొక్క డిగ్రీకి అల్యూమినియం పది లక్షలలో 23 భాగాలు, ఉక్కు 12 భాగాలు వ్యాకోచిస్తాయి. రెండింటినీ కలిపి 20 నుండి 100 డిగ్రీలకు వేడిచేస్తే 8 మిల్లీమీటర్ల రంధ్రం బోల్టు కంటె సుమారు 7 మైక్రాన్లు అదనంగా పెరుగుతుంది. అది తలవెంట్రుక మందంలో పదవ వంతు! అయినా పెళుసైన ఆక్సైడు పొర పగలడానికి చాలును. చల్లారే వేళ నూనె ఆ పగుళ్ళలోకి పోతుంది. రెండు మూడు మార్లు వేడిచేసి చల్లార్చిన తరువాత ఒక సుత్తి దెబ్బ, ఆపైన పానా. దీనికి మరిగే నీటిలో ముంచిన గుడ్డ గాని, వేడిగాలి యంత్రం గాని సరిపోతుంది. మంట పనికిరాదు. రబ్బరు సీళ్ళు సుమారు 120 డిగ్రీలకు మించి ఓర్వవు, పోత అల్యూమినియం కూడా మితిమీరిన వేడికి తన బలాన్ని కోల్పోతుంది. లోపల నూనె ఉందన్నదీ మరువరాదు.

ఇచ్చట రసాయన శాస్త్రవేత్తగా ఒక మాట గట్టిగా చెప్పాలి. బ్రేకులు శుభ్రపరిచే స్ప్రేలలో కొన్నింటిలో టెట్రాక్లోరోఇథిలీన్ వంటి క్లోరినేటెడ్ ద్రావణులు ఉంటాయి. వాటితో తడిసిన లోహాన్ని మంటతో కాల్చినా, వెల్డింగు చేసినా ఫాస్‌జీన్ వాయువు జనించగలదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రయోగించినది ఇదే. భోపాల్ కర్మాగారంలో మిథైల్ ఐసోసయనేటు తయారీకి ముడి పదార్థమూ ఇదే. పీల్చిన వెంటనే పెద్ద బాధ కలుగకపోవచ్చు, ఊపిరితిత్తులలో నీరు చేరడం కొన్ని గంటల తరువాత బయటపడుతుంది. డబ్బా మీది అక్షరాలు చదవడానికి అర నిమిషం పడుతుంది. ఆసిటోన్‌ను గేరు నూనెతో కలిపి వాడమని మిత్రులు చెబుతారు. ఆ రెండూ సరిగా కలవవు, పైగా ఆసిటోన్ ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. దానిని పూసినచోట వేడిగాలి యంత్రం ఎత్తరాదు.

ఆమ్లాలతోనూ జాగ్రత్త. ఎక్కువ బలంగల ఉక్కు బోల్టులను ఆమ్లంలో నానబెడితే హైడ్రోజన్ పరమాణువులు లోహంలోకి చొరబడి దానిని పెళుసుబారుస్తాయి. చూపుకు తళతళలాడుతూ, బరువు పడగానే విరుగుతాయి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్నే కరిగించివేస్తుంది.

అన్ని బోల్టుల మొండితనానికీ తుప్పే కారణం కాదు. ఫోర్కు అడుగు బోల్టుకు కర్మాగారంలోనే మరజిగురు పూసి ఉండవచ్చు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ట్రినిటీ కళాశాల రసాయన శాస్త్రాచార్యుడు వెర్నన్ క్రీబుల్ 1953లో దీనిని రూపొందించాడు. గాలి తగిలినంతసేపు ద్రవంగా ఉండి, ఆక్సిజన్ అందని మరచుట్ల నడుమ లోహ అయాన్ల ప్రేరణతో పాలిమరుగా గట్టిపడటం దాని వింత గుణం. మధ్యరకం జిగురు మామూలు పనిముట్లకే లొంగుతుంది. గట్టిరకానికి సుమారు 250 డిగ్రీల వేడి కావాలి, ఆ స్థితిలో వృత్తి నిపుణుని ఆశ్రయించుటయే మేలు.

ఈ అడుగు బోల్టుకే మరో తంటా ఉంది. పానా త్రిప్పితే తిరుగుతూనే ఉంటుంది, ఊడదు! దానిని పట్టుకొన్న లోపలి డాంపర్ కడ్డీ కూడా వెంట తిరగడమే కారణం. అందుచేత స్ప్రింగు తీయకముందే దీనిని వదులు చేయాలి. స్ప్రింగు ఒత్తిడి ఆ కడ్డీని తిరగనీయదు. అప్పటికీ కాకుంటే స్ప్రింగు తీసి, చీపురు కర్ర కొనను చెక్కి కడ్డీ నోట దిగగొట్టి పట్టుకోవడం ప్రపంచమంతటా మెకానిక్కులు ఎరిగిన ఉపాయం. పై మూత విషయంలో మాత్రం క్రమం తప్పరాదు. పై బిగింపు బోల్టును ముందు వదులు చేసి, క్రింది బిగింపు గొట్టాన్ని పట్టి ఉండగానే మూతను కొద్దిగా కదలించాలి. చివరి మర వీడగానే స్ప్రింగు దానిని ముఖం మీదకు విసరగలదు. కళ్ళద్దాలు తప్పనిసరి.

ఇన్వర్‌కార్గిల్ వాసి బర్ట్ మన్రో 1920 నాటి తన 'ఇండియన్' బండిని దశాబ్దాల పాటు తన కొట్టంలోనే విప్పుతూ, బిగిస్తూ 1967లో అమెరికాలోని బానవిల్ ఉప్పు మైదానంలో వేగపు రికార్డు నెలకొల్పాడు. పేరు చూచి మనవారు గర్వించనక్కరలేదు, అది అమెరికా కంపెనీ బండి. ఉప్పు మీద పరుగెత్తిన బండిని మళ్ళీ మళ్ళీ విప్పవలసిన వానికి ఈ మరచుట్ల గొడవ ఎంత తెలిసి ఉంటుందో ఊహించవచ్చు.

తిరిగి బిగించేటప్పుడు పాత జిగురును, తెల్లని పిండిని వైరు బ్రష్షుతో పూర్తిగా తీయాలి. గుంట అరిగిన బోల్టులను, సాగిన బోల్టులను పారవేయాలి. ఇరుసును పట్టే బోల్టు విషయంలో పొదుపు కూడదు. మరచుట్లకు నికెల్ గాని, జింకు గాని కలిసిన లేపనం పలుచగా పూయవచ్చు. అయితే నూనె తగిలిన మరలో ఘర్షణ తగ్గుతుంది కనుక, పొడి మరకు చెప్పిన బిగింపునే ఇస్తే బోల్టు అతిగా సాగుతుంది. ఎంత తగ్గించాలో బండి తయారీదారుల పుస్తకం చూచి నిర్ణయించాలి. మరజిగురు వేయవలసిన బోల్టుకు ఈ లేపనం వేయరాదు. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ బోల్టులు వేసేవారున్నారు. బోల్టు మెరుస్తూనే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న అల్యూమినియం తరుగుతుంది. చివరగా అలెన్ బోల్టు తలలోని గుంటలను గ్రీజుతో నింపితే ఉప్పునీరు అందులో నిలువదు.