మైకు ముందు ఒత్తుల పరీక్ష

రేడియో అనౌన్సర్‌కు ఏమేమి కావాలని అడిగితే ఉద్యోగమిచ్చేవారు చెప్పే జాబితా దాదాపు ఒక్కటే: నిలకడగల కంఠం, గడియారం మీద అదుపు, రాసినదాన్ని మాట్లాడినట్టు చదవడం, ప్రసారం మధ్యలో ఏదైనా ఆగిపోతే తడబడక నెట్టుకురావడం, శుద్ధమైన ఉచ్చారణ. మొదటి నాలుగింటికీ మైకు ముందు కూర్చున్నాకే పదును వస్తుందని అందరూ ఒప్పుకొంటారు. అయిదోదాన్ని మాత్రం అభ్యర్థి ఇంటి నుంచే తెచ్చుకోవాలని ఆశిస్తారు. కులం చొరబడేది అక్కడే.

తెలుగులో శుద్ధత అంటే ఆచరణలో మహాప్రాణాలు ఒత్తి పలకడం, శ, ష, సలను విడదీయడం. అచ్చ తెలుగు మాటల్లో మహాప్రాణాలు లేవు. అవి సంస్కృతంతో వచ్చాయి. ఆ చదువు తరతరాలుగా దక్కిన ఇళ్ళలో పిల్లలకు అవి ఉగ్గుపాలతో అబ్బుతాయి. దక్కని ఇళ్ళ బిడ్డలకు పలకమీది అక్షరాలుగానే పరిచయం. 'భాష'ను కవి 'బాస' అంటే తద్భవం. మాదిగవాడ నుంచి వచ్చిన అభ్యర్థి అంటే దోషం! వినేవారికి అర్థం మారనప్పుడు ఇక్కడ కొలుస్తున్నది నైపుణ్యాన్నా, పుట్టుకనా?

ప్రైవేటు ఎఫ్‌.ఎం.లకు ఒత్తుల పట్టింపు తక్కువే. అయితే ఆ స్థానంలో ఇంగ్లీషు కలిసిన నగర యాస వచ్చి కూర్చుంది; పైగా అక్కడ రిజర్వేషన్లూ లేవు.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' మొదలుపెట్టాయి. అనౌన్సర్లు, రికార్డు చేసేవారు దళిత స్త్రీలే. విత్తనాలు, చిరుధాన్యాలు, పాటలు, అన్నీ ఆ ఊళ్ళ మాటల్లోనే. జొన్నచేను గురించి ఎవరిని ఏమడగాలో తెలియడం, అడిగి ఓపికగా వినడం కూడా అనౌన్సర్ విద్యే. పెద్ద కేంద్రాల ఆడిషన్‌లో దానికెన్ని మార్కులు?

గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ప్రజల ఆస్తికి కాపలా కాసేవారు ఎంపిక ప్రమాణాలను గుట్టుగా ఉంచుకోకూడదు. ఏ అంశానికి ఎన్ని మార్కులో ముందే ప్రకటించాలి. రికార్డు చేసిన కంఠం పేరు, ఇంటిపేరు లేకుండా నిర్ణేతలకు చేరాలి. మన ఇంటిపేర్లు ఏమేమి చెప్పేస్తాయో తెలియనిదెవరికి? నిర్ణేతల బల్ల దగ్గర వాడల నుంచి, తండాల నుంచి వచ్చిన చెవులూ ఉండాలి. ఒత్తులు తప్పనిసరే అనుకుంటే ఎంపిక తరువాత శిక్షణలో నేర్పవచ్చు. తిరస్కరించినవారికి కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి: 'ఉచ్చారణ బాగాలేదు' అన్న ఒక్క ముక్క కాదు, ఏ మాట, ఏ అక్షరం అని.