వాడ రోడ్డు ఎవరి పద్దులో ఉంది?

వరంగల్ నుంచి ఖమ్మం పోయే 563వ నంబరు జాతీయ రహదారి వర్ధన్నపేట మీదుగా వెళ్తుంది. దాని బాధ్యత కేంద్రానిది. దళితవాడల్లోని సీసీ రోడ్లు, మురికి కాలువల బాధ్యత మున్సిపాలిటీది. పెద్ద రోడ్డును చూసి ఊరు పెరిగిందంటారు. మనం రోజూ నడిచేది మాత్రం వాడ రోడ్డు మీద.

2018లో వర్ధన్నపేట మున్సిపాలిటీ అయింది. హోదా పెరిగింది కానీ ఒక ఆసరా పోయింది. ఉపాధి హామీ చట్టం గ్రామాలకే పరిమితం. పట్టణంగా మారిన చోట కూలీలకు వంద రోజుల పని హక్కు పోయింది. ఆ పథకంలో 40 శాతం వరకు ఉండే మెటీరియల్ వాటాతో సీసీ రోడ్లు వేసుకునే దారీ మూసుకుపోయింది.

మిగిలినవి ఆస్తి పన్ను, ప్రభుత్వ గ్రాంట్లు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు చేయాలి. మిగతా 40 శాతంలోనే రోడ్లతో సహా ఇతర స్థానిక అవసరాలన్నీ తీరాలి.

ఎస్సీల కోసం 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. 2011 జనగణన ప్రకారం రాష్ట్రంలో మన జనాభా 15.45 శాతం. ఆ దామాషాలో నిధులు కేటాయించాలి, ఖర్చు కాకపోతే మరుసటి ఏడాదికి మళ్లించాలి. అయితే విడదీయలేని మౌలిక వసతుల పనుల ఖర్చులో కొంత వాటాను ఎస్సీ నిధి కింద చూపే వీలు కూడా ఉంది. అంటే ఊరందరి రోడ్డుకు పెట్టిన ఖర్చు మన పద్దులో పడొచ్చు, వాడలో గుంత అలాగే ఉండొచ్చు.

వర్ధన్నపేట అసెంబ్లీ స్థానం ఎస్సీలకు రిజర్వు అయింది. సీటు దక్కినంత మాత్రాన గుంత పూడదు. అందుకే లెక్క అడగాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మూడు ప్రశ్నలు చాలు: గత మూడేళ్లలో ఏ వార్డు రోడ్ల మరమ్మతుకు ఎంత ఖర్చయింది? అది ఏ పద్దు నుంచి వచ్చింది? ఎం-బుక్‌లో నమోదైన కొలతలేమిటి? జవాబు చేతికొచ్చాక టేపు పట్టుకుని వాడకు వెళ్దాం. కాగితం మీది పొడవు, నేల మీది పొడవు పక్కపక్కన పెట్టి చూద్దాం.