గర్భిణులకు ధర్మం ఇచ్చిన వెసులుబాటు

రంజాన్ నెలవంక కనిపించగానే మన ఇళ్లలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. కడుపుతో ఉన్న కోడలు రోజా ఉండాలా, వద్దా? ఉండకపోతే నలుగురూ ఏమనుకుంటారోనన్న బిడియంతో, డాక్టరును అడగకుండానే ఉపవాసం పాటించే సోదరీమణులు మనలో ఉన్నారు.

ధర్మం ఏమంటోంది? వ్యాధిగ్రస్తులు, ప్రయాణికులు విడిచిన రోజాలను వేరే దినాల్లో పూర్తి చేసుకోవచ్చని దివ్య ఖుర్ఆన్ (2:185) తెలియజేస్తోంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కూడా మినహాయింపు ఉందని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉంది. తనకో, బిడ్డకో హాని కలుగుతుందని భయపడే తల్లి రోజా మానవచ్చు. హనఫీ పండితుల ప్రకారం తర్వాత ఖజా పాటిస్తే చాలు. బిడ్డ కోసమే మానితే ఖజాతోపాటు ఫిద్యా కూడా ఇవ్వాలని షాఫయీ పండితులంటారు.

మరి వైద్యులేమంటారు? 31,374 గర్భాలపై జరిగిన 22 అధ్యయనాలను 2018లో సమీక్షించారు. రోజా వల్ల నెలలు నిండకుండా కాన్పులు పెరిగినట్లు గాని, బిడ్డ బరువు తగ్గినట్లు గాని అందులో తేలలేదు. అయితే ఉగాండా, ఇరాక్ లెక్కలతో 2011లో వెలువడిన పరిశోధన మరో మాట చెప్పింది. తల్లి గర్భం తొలి నెలల్లో ఉండగా రంజాన్ వచ్చినవారిలో, పెద్దయ్యాక వైకల్యం సుమారు 20 శాతం ఎక్కువగా కనిపించింది. కనుక భయపడనక్కర లేదు, అశ్రద్ధా తగదు.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో మరింత జాగ్రత్త అవసరం. 2018, 2019లలో రంజాన్ మే నెల మండుటెండల్లో వచ్చింది. రోజా 14 గంటలు దాటింది. రంజాన్ చలికాలంలో వచ్చినా తగ్గేది గంటో రెండు గంటలో. పైగా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. పొద్దంతా బీడీలు చుట్టే తల్లికి రక్తం తక్కువై, పైన దాహం తోడైతే ఆ భారం బిడ్డపైనే పడుతుంది.

రక్తహీనత, మధుమేహం, రక్తపోటు, కవలలు ఉన్నవారు డాక్టరు అనుమతి లేనిదే రోజా ఉండరాదు. అనుమతి పొందినవారు సహరీ మానకూడదు. గుడ్డు, పప్పు, పెరుగు తీసుకోవాలి. ఇఫ్తార్ నుంచి సహరీ వరకు నీళ్లు బాగా తాగాలి. ఐరన్ మాత్రలు విడవరాదు. కళ్లు తిరిగినా, బిడ్డ కదలిక తగ్గినా, నొప్పులు మొదలైనా వెంటనే రోజా విరమించి ఆస్పత్రికి వెళ్లాలి.

అత్తగార్లకు మా విన్నపం ఒక్కటే. రోజా ఉండని కోడలిని దెప్పకండి. విధిని నిర్ణయించిన ప్రభువే వెసులుబాటూ ఇచ్చాడు. ఆయన కారుణ్యాన్ని మనం అడ్డుకోవద్దు.