సీమ చరిత్రలో సముద్రం

ఎగువ అహోబిలం నుంచి భవనాశిని వాగు పక్కగా జ్వాలా నరసింహస్వామి గుహకు నడిచేవారి చూపు ముందు కొండగోడల మీదే పడుతుంది. నిలువునా కోసినట్టుండే ఆ గోడల్లో రాయి పొరలు పొరలుగా పేర్చి ఉంటుంది. కింద రాలిన పెచ్చు ఒకటి తీసి ఎండకు పట్టి చూడండి. విరిగిన అంచు చక్కెర పలుకుల్లా మెరుస్తుంది. అవి ఇసుక రేణువులు. ఒకనాటి సముద్రంలో అలలు పరిచిన ఇసుకే ఒత్తిడికీ వేడికీ గట్టిపడి ఈ క్వార్ట్‌జైట్ రాయి అయింది. స్తంభం చీల్చుకుని స్వామి వెలిశాడని భక్తులు చూపించే ఉగ్రస్తంభానిదీ ఇదే కథ.

ఇవాళ అక్కడి నుంచి బంగాళాఖాతం సూటిగా కొలిచినా దాదాపు 150 కిలోమీటర్లు. సముద్రం కోస్తా వాళ్ల సొత్తనీ, మన వంతు కరువేననీ సీమలో ఎప్పుడో ఒప్పేసుకున్నాం. అది తప్పుడు పంపకం. మనం కట్టిన ఇల్లు, మన రాజులు చేసిన యుద్ధం, మన తాతలు పడ్డ కరువు, అన్నిట్లోనూ సముద్రం చెయ్యి ఉంది.

భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అని పిలిచే ప్రాంతం నెలవంక ఆకారంలో 44 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంది. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ నేల కుంగి సముద్రపు నీరు చొచ్చుకొచ్చింది. ఇసుక, బురద, సున్నం పొర మీద పొర పేరుకున్నాయి. వేంపల్లె పేరుతో పిలిచే డోలమైట్ రాళ్లలో స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. లోతులేని నీళ్లలో సూక్ష్మజీవులు జిగురు చాపల్లా పెరుగుతూ సున్నాన్ని పట్టి కట్టుకున్న ఇళ్లు అవి. భూమి మీద గాలిలోకి ప్రాణవాయువు వదిలింది ఈ కోవ జీవులే. సముద్రం, మనిషి అనగానే ఓడలూ రేవులూ గుర్తొస్తాయి గానీ, మనిషికి ఊపిరి అందింది కూడా అక్కడి నుంచే.

ఆ తర్వాత చాలా కాలానికి ఇంకో విడత సముద్రం వచ్చింది. అది వదిలి వెళ్లిన సున్నపురాయే మన నాపరాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు వెళ్తే దీని విలువ తెలుస్తుంది. గచ్చు ఇదే, వంటగట్టు ఇదే, అటక ఇదే, పశువుల తొట్టి ఇదే, చేను చుట్టూ నిలబెట్టిన కంచె కూడా ఇదే. గని కూలీ పొర కలిసే చోటు చూసి ఉలి పెట్టి కొడితే బండ చాపలా లేచి వస్తుంది. నిశ్చలమైన నీటి అడుగున బురద సమంగా పేరుకోబట్టే ఆ సుళువు. సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేదీ ఈ రాయి మీదే. నీళ్లు దీన్నే కరిగించి 3,229 మీటర్ల బెలుం గుహలను తొలిచాయి. బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1880లలో తవ్వకాలు చేయించి పాతకాలపు జంతువుల ఎముకలు బయటికి తీశాడు.

బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో మట్టి కింద తెల్లటి బూడిద పొర ఉంది. అది మన బూడిద కాదు. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు బంగాళాఖాతం మీదుగా వచ్చి పడింది. మైకేల్ పెట్రాగ్లియా బృందం ఆ పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించింది. అంత ఉపద్రవం తర్వాత కూడా అక్కడ మనుషులు ఉన్నారన్నమాట.

రాజుల కాలానికి వద్దాం. కళింగ దండయాత్ర నడుస్తుండగా 1515లో శ్రీకృష్ణదేవరాయలు అహోబిలం వచ్చి స్వామికి నగలు సమర్పించాడని ఇక్కడి శాసనం చెబుతుంది. సరిగ్గా ఆ ఏడే పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ హోర్ముజ్ రేవును గుప్పిట్లో పెట్టుకున్నాడు. గోవా అప్పటికే, 1510లోనే, వాళ్ల చేతికి చిక్కింది. విజయనగర ఆశ్వికదళానికి గుర్రాలు దిగింది ఈ సముద్రమార్గంలోనే. రాయల దండు నల్లమల అంచున గుడారాలు వేసుకున్నా, దాని గుర్రాల భవిష్యత్తు తేలింది పర్షియా సింధుశాఖ ముఖద్వారంలో. మన చరిత్ర పుస్తకాలు ఈ రెండు సంగతులనూ వేర్వేరు అధ్యాయాల్లో పెట్టి పిల్లలకు అన్యాయం చేస్తున్నాయి.

పురాణం మాత్రం సముద్రంతో ఈ నేలకున్న సంబంధాన్ని ఎన్నడూ మరవలేదు. అహోబిలం నవ నారసింహుల్లో క్రోడ నరసింహుడిది సముద్రంలో మునిగిన భూమిని పైకెత్తిన వరాహరూపం. వారిలోనే మాలోల నరసింహుడి పక్కనున్న లక్ష్మి పాలకడలి కూతురు. అదే లక్ష్మి చెంచుల ఇంటి ఆడపడుచుగా పుట్టి ఈ అడవిలోనే స్వామిని పెళ్లాడిందని ఇక్కడివాళ్ల నమ్మకం.

ఇక వాన సంగతి. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో బాగా చితికిన జిల్లాల్లో కర్నూలు, కడప ఉన్నాయి. అప్పుడు పసిఫిక్ మహాసముద్రం వేడెక్కి ఎల్‌నినో ముదిరిందని, రుతుపవనాలు ముఖం చాటేయడానికి అదొక ప్రధాన కారణమని శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. అన్నానికి లేక చచ్చిపోయినవాళ్లకు పసిఫిక్ అనేది ఒకటుందని కూడా తెలియదు. తెల్లదొరల ధాన్యం ఎగుమతి ఆగలేదు, అది వేరే పాపం. 2009 అక్టోబరులో దానికి పూర్తిగా తలకిందులు: బంగాళాఖాతపు అల్పపీడనం తెచ్చిన కుండపోతకు తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరమే మునిగింది.

చివరగా మళ్లీ రాళ్ల దగ్గరికే వద్దాం. మంగంపేట ముగ్గురాయి నిక్షేపానికి జాతీయ భూగర్భ స్మారక చిహ్నంగా గుర్తింపు ఉంది. అహోబిలం కొండలకు అలాంటి గౌరవం ఇంకా దక్కలేదు. కనీసం మెట్ల దారిలో స్థలపురాణం పక్కన ఈ రాయి పుట్టుక చెప్పే పలక ఒకటి తెలుగులో పెట్టించాలని దేవాదాయ, పర్యాటక శాఖలకు మనవి. బండల మీద పేర్లు చెక్కే అలవాటు మానాలని యాత్రికులకు కూడా.