ఆరక్షరాల ఎక్సాన్

ఒమన్‌లో బర్కా తోటల్లో మామిడి చెట్లు ఉన్నట్టుండి ఎండిపోవడం 1998లో గమనించారు. కారణమైన శిలీంధ్రానికి 2007లో సెరటోసిస్టిస్ మాంజినెకాన్స్ అని పేరు పెట్టారు. దాన్ని చెట్టు నుంచి చెట్టుకి మోసేది బెరడు తొలిచే ఓ చిన్న పురుగు. జబ్బుపడ్డ ఆ చెట్లమీదే దొరికిన ఇంకో శిలీంధ్రానికి 2006లో ఈ దేశం పేరే వచ్చింది. ఇప్పుడది హంటియెల్లా ఒమనెన్సిస్. 2014లో రెండింటి జీనోముల ముసాయిదాలూ వెలువడ్డాయి.

మస్కట్‌లో కన్సల్టెంటుగా రోజూ లాగ్ ఫైళ్ళతో కుస్తీపట్టే నాకు ఆసక్తి కలిగించింది ఆ తర్వాతి పని. జీనోమంటే నాలుగే అక్షరాలతో కోట్ల పొడవున్న స్ట్రింగు. అందులో ఏ ముక్క జీనో గుర్తించడమే ఎనొటేషన్. డాక్యుమెంటేషన్ లేని ఫైలుకి పార్సర్ రాయడం లాంటిదన్నమాట! జీను నకలులో కణం ఉంచుకునే ముక్కలు ఎక్సాన్లు, కత్తిరించి పారేసేవి ఇంట్రాన్లు. బేకరీ ఈస్టులో దాదాపు 6000 జీనులుంటే ఇంట్రాన్లున్నవి సుమారు 300. క్రిప్టోకాకస్‌లోనో, జీనుకి సగటున ఐదారు ఇంట్రాన్లు. ఒకదానిమీద శిక్షణ పొందిన ప్రోగ్రాము రెండోదాని దగ్గర తడబడటంలో వింతేముంది?

అసలు చిక్కు మరీ చిన్న ఎక్సాన్లతో. ఆగస్టస్ లాంటి ప్రోగ్రాములు సంభావ్యత లెక్కలతో ఎక్సాన్లని పట్టుకుంటాయి. పొడవైనదైతే లెక్కకి ఆధారం దొరుకుతుంది. ఆరక్షరాలదైతే? ఆరు స్థానాలు నింపడానికి ఉన్నవి 4096 రకాలే. అలాంటి ముక్క మూడు కోట్ల అక్షరాల్లో ఊరికే ఏడువేలసార్లు తగులుతుంది. అది వదిలేస్తే ప్రోటీనులో రెండు అమైనో ఆమ్లాలు మాయం. పొడవు మూడుతో భాగించబడనిదైతే ఇంకా ఘోరం: ఆ తర్వాత చదివేదంతా పక్కకి జరిగిపోతుంది. ప్రోగ్రామేమో ఇంట్రాన్ హద్దు కాస్త జరిపి ఎలాగో సర్దేస్తుంది. ఎర్రర్ మెసేజీ రాదు. (అన్నట్టు, అరబిడాప్సిస్ మొక్కలో ఒకే ఒక్క అక్షరం ఎక్సాన్ ఉన్నట్టు 2015లో తేల్చారు.)

ఆ తప్పు జీను డేటాబేసులోకెక్కి, రేపు ఇంకో శిలీంధ్రాన్ని చదివేవారికి ఆధారమవుతుంది. మామిడిని చంపేదానికీ చంపనిదానికీ తేడా వెతికేవారు "ఈ జీను దీనిలో లేదు" అనుకుంటారు. లేకపోవడమూ, ప్రోగ్రాముకి కనబడకపోవడమూ ఒకటేనా?

ఆర్‌ఎన్‌ఏని ఈ చివరినుంచి ఆ చివరికి ఒకేసారి చదివే పాక్‌బయో, నానోపోర్ యంత్రాలు ఇప్పుడు చాలా మేలు చేస్తున్నాయి. పొట్టి రీడ్లే ఉన్నవారు మాత్రం సెట్టింగులు చూసుకోవాలి. హైశాట్2లో ఇంట్రాన్ గరిష్ఠ పొడవు డిఫాల్టుగా 5,00,000 అక్షరాలు. శిలీంధ్రాల ఇంట్రాన్లు చాలావరకు వంద లోపే. దాన్ని తగ్గించకుండా నడిపితే, పక్కనే ఉన్న ఆరక్షరాలని ఎక్కడో దూరాన అతికించడానికి మనమే అనుమతి ఇచ్చినట్టు.