బంతి వేయుట – బంతి విసరుట

గుంటూరు, ప్రకాశము జిల్లాల మెట్టభూములలో ప్రత్తియు, మిరపయు ముఖ్యమైన పంటలు. మిరపకాయలు అమ్మకమునకు తరలిపోయిన పిమ్మట, వానిని ఎండబెట్టుటకై చదును చేసిన కల్లములు ఖాళీ యగును. వేసవి సెలవులలో పల్లె బాలురు అట్టి చోట్ల మూడు కర్రలు పాతి క్రికెట్ ఆడుచుందురు. ఆ ఆటలో తరచుగా పుట్టు తగవు ఒకటి కలదు. "వాడు బంతి వేయుట లేదు, విసరుచున్నాడు" అని బ్యాటు పట్టినవాడనును. "కాదు, సరిగనే వేయుచున్నాను" అని బౌలరనును. తీర్పు చెప్పువాడు లేనిచో ఆట అక్కడనే ఆగిపోవును. ఆ తీర్పు చెప్పవలసినవాడు అంపైరు. అతని పనులలో ఇది మిక్కిలి కఠినమైనది.

వేయుటకును విసరుటకును గల భేదమేమి? మామిడికాయను రాలగొట్టుటకై రాయి విసరు బాలుని గమనింపుడు. అతడు మొదట మోచేతిని వంచును. తరువాత దానిని విసురుగా చాచును. రాతికి వేగము కలుగుటకు ఆ చాపుటయే ముఖ్య కారణము. క్రికెట్‌లో ఈ పని కూడదు. బంతి వేయునపుడు చేయి భుజము ఎత్తునకు వచ్చిన క్షణము మొదలుకొని బంతి చేతిని విడుచువరకు, వంగియున్న మోచేయి కొంచెముగా గాని పూర్తిగా గాని చక్కబడరాదని ఆ ఆట చట్టములలో 21వది శాసించుచున్నది. చేయి వంగి యుండుట తప్పని పలువురు తలంతురు. అది సరికాదు. మొదటి నుండి తుదివరకు ఒకే తీరున వంగియుండు చేయి నిర్దోషమైనది. వంగినది చక్కబడుటయే దోషము. 22 గజముల దూరమున నిలిచిన బ్యాటరుపై బౌలరు అన్యాయమైన బలమును పొందకుండుటకే ఈ కట్టుబాటు.

అమెరికా దేశీయుల బేస్‌బాల్ ఆటలో మోచేయి వంచి విసరుట తప్పు కాదు. అచ్చటి తప్పు వేరు. బేసులపై ప్రత్యర్థులు పరుగునకు సిద్ధముగా నున్నపుడు, విసరుటకు మొదలుపెట్టి నడుమ ఆగుట వంటి చేష్టలు చేసినచో అంపైరు దానిని 'బాక్' అని ప్రకటించును. అపుడు బేసులపై నున్నవారు ఒక్కొక్క బేసు ముందునకు సాగుదురు. పరుగెత్తువారిని మోసగింపకుండుటకే ఆ నియమము. క్రికెట్ చట్టము ఈ విషయమున బౌలరు ఉద్దేశమును విచారింపదు. అతని మోచేతిని మాత్రమే చూచును. ఈ భేదము మరువరానిది.

దోషము కనబడినపుడు అంపైరు ఏమి చేయును? మైదానమున ఇద్దరు అంపైరులుందురు. ఒకడు బౌలరు చెంత నిలుచును; మరియొకడు బ్యాటరునకు ప్రక్కగా, స్క్వేర్ లెగ్ అను చోట నిలుచును. ప్రక్కనుండి చూచువానికి మోచేయి చక్కగా కనబడును. ఐనను ఇద్దరికిని సమానాధికారము కలదు. బంతి విసరబడినదని తోచినచో, ఆ ఇద్దరిలో ఎవరైనను "నోబాల్" అని పలికి, ఒక చేతిని అడ్డముగా చాచి చూపవచ్చును. పిమ్మట బౌలరు చెంత నున్న అంపైరు అతనిని హెచ్చరించి, ఇదియే మొదటిదియు తుదిదియు నగు హెచ్చరిక యని తెలుపును. ఆ సంగతి నాయకునకును, బ్యాటర్లకును చెప్పును. ఆ ఇన్నింగ్సులోనే అతడు మరల విసరినచో, బౌలింగు నుండి అతనిని వెంటనే తొలగింపుమని నాయకుని ఆదేశించును. మిగిలిన ఓవరును వేరొకడు ముగింపవలెను. తొలగింపబడినవాడు ఆ ఇన్నింగ్సులో మరల బంతి వేయరాదు. కాని ఫీల్డింగు చేయవచ్చును, బ్యాటింగు చేయవచ్చును.

ఈ తీర్పు చెప్పుటకు గుండె నిబ్బరము కావలెను. 1963 డిసెంబరులో బ్రిస్బేన్ నగరమున ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా జట్ల నడుమ టెస్టు జరిగెను. ఆస్ట్రేలియా బౌలరైన ఇయాన్ మెకిఫ్ తన తొలి ఓవరు వేయుచుండగా, అంపైరు కోలిన్ ఈగర్ నాలుగు మారులు నోబాల్ ప్రకటించెను. నాయకుడు రిచీ బెనో అతనికి మరల బంతి నీయలేదు. ప్రేక్షకులు అంపైరుపై మండిపడిరి. ఆ పోటీతో మెకిఫ్ ఆట ముగిసెను. వారిద్దరును మిత్రులే, ఐనను స్నేహము తీర్పునకు అడ్డురాలేదు.

కాని కంటిచూపునకు హద్దు కలదు. 1995 డిసెంబరు 26వ తేదీన మెల్‌బోర్న్‌లో శ్రీలంక బౌలరు ముత్తయ్య మురళీధరన్ ఏడుమారులు విసరెనని అంపైరు డారెల్ హెయిర్ ప్రకటించెను. మురళీధరన్ మోచేయి పుట్టుకతోనే పూర్తిగా చాపబడనిది. అతనికి పలుమారులు శాస్త్రీయ పరీక్షలు జరిగెను. తుదకు అతడు టెస్టులలో 800 వికెట్లు పడగొట్టెను. నిర్దోషులని తలంపబడిన బౌలర్ల చేతులు సైతము కొంత చక్కబడునని పరిశోధనలలో తేలెను. కావున 2005 మార్చి నుండి అంతర్జాతీయ పోటీలలో 15 డిగ్రీల వరకు సడలింపు కలిగెను. ఇప్పుడు అనుమానము కలిగిన యెడల ఆట అధికారులు నివేదిక పంపుదురు. ప్రయోగశాలలో బౌలరు చేతికి గుర్తులంటించి, పెక్కు కెమెరాలతో కోణమును కొలుతురు. చెన్నైలోని శ్రీరామచంద్ర విశ్వవిద్యాలయమున అట్టి కేంద్రము వెలసినది.

తెలుగునాట ఆడిన ప్రసిద్ధులకును ఈ పరీక్ష తప్పలేదు. హైదరాబాదు జట్టు బౌలరు ప్రజ్ఞాన్ ఓఝా 2013 నవంబరులో ముంబయి టెస్టున పది వికెట్లు తీసెను. 2014 డిసెంబరులో అతని బౌలింగును నిలిపివేసిరి. అతడు తన తీరును దిద్దుకొని 2015 ఆరంభమున అనుమతి పొందెను. గుంటూరులో 1985లో జన్మించిన అంబటి రాయుడు ప్రధానముగా బ్యాటరు. 2019 జనవరి 12న సిడ్నీలో అతడు వేసిన బంతులపై అధికారులు అనుమానము తెలిపిరి. 14 దినముల గడువులో పరీక్షకు హాజరు కానందున, ఆ నెల 28న అంతర్జాతీయ పోటీలలో అతని బౌలింగును నిషేధించిరి. బ్యాటింగునకు మాత్రము అడ్డు లేకపోయెను.

బాలుర పోటీలలో ప్రయోగశాలలుండవు. అంపైరు కన్నులే సాధనము. చేతి బలము చాలని చిన్నవాడు పూర్తి దూరము బంతి పంపదలచినపుడు, లేక మితిమీరిన వేగము కోరినపుడు, తనకు తెలియకుండగనే విసరుట అలవాటగును. "చిన్నవాడు గదా, పోనిమ్ము" అని అంపైరు ఊరకుండుట దయవలె కనిపించును. నిజమునకు అది కీడు. పన్నెండేండ్ల వయస్సున దిద్దని చేయి పద్దెనిమిదేండ్లకు మొండియగును. పిమ్మట పెద్ద పోటీలో వేలమంది యెదుట దోషము బయటపడినపుడు, ఆ యువకుని ఏండ్ల శ్రమ వ్యర్థమగును. బ్యాటు పట్టిన బాలునికి మాత్రము అన్యాయము నాడే జరిగిపోయినది.

కావున మంచి అంపైరు చూచిన దోషమును చూచినట్లు చెప్పును. కాని "మోసగాడు" అను మాట పలుకడు. చట్టమే ఆ మాట పలుకలేదు. ఆట ముగిసిన పిమ్మట శిక్షకుని పిలిచి లోపము ఎచ్చట నున్నదో చూపును. శిక్షకుడు దూరము తగ్గించి, వేగము మాన్పించి, నెమ్మదిగా చేతి తీరును మరల నేర్పవలెను. మిరప యార్డులో టిక్కీలు తూచు కాటాకు రైతుపై పగ లేదు, వర్తకునిపై ప్రేమ లేదు. ఉన్న బరువును ఉన్నట్లు చూపుటయే దాని ధర్మము. తక్కువ తూగినందులకు రైతు కాటాను నిందించిన ఫలము లేదు. అట్లే నోబాల్ విన్న బాలుడు అంపైరును దూషింపక, తన మోచేతిని దిద్దుకొనవలెను. సకాలమున వినబడిన కఠినమైన మాట, ఆలస్యముగా వచ్చు శిక్ష కంటె మేలైనది.