ఫ్లై గాలపు కొక్కెం

ఫ్లై గాలపు కొక్కెం అనగా చేపలు పట్టడానికి వాడే కృత్రిమ ఈగను కట్టుకొనే చిన్న ఉక్కు కొక్కెం. ట్రౌట్, సాల్మన్, మహసీర్ వంటి చేపలకు వానపాము, పిండిముద్ద వంటి తినే ఎరను వేయకుండా, ఈకలు, వెంట్రుకలు, ఉన్ని, పట్టుదారం మొదలైన వాటితో పురుగును పోలిన బొమ్మను చేసి నీటిపైకి విసిరే పద్ధతిని ఫ్లై ఫిషింగ్ అంటారు. ఆ బొమ్మకే ఫ్లై అని పేరు. ఈ వ్యాసంలో దానిని ఈగ అని పేర్కొనడం జరిగింది.

ఈగను కట్టే వ్యక్తి ఈకను, దారాన్ని, రంగును తన ఇష్టప్రకారం మార్చుకోగలడు. కొక్కేన్ని మాత్రం కర్మాగారం నుండి వచ్చినది వచ్చినట్లే వాడవలసి ఉంటుంది. అందువలన ఈగ ఎంత అందంగా ఉన్నా దాని బలం కొక్కెం బలాన్ని మించదు. చవకగా దొరికే కొక్కేలన్నీ నాసిరకం కావు, ఖరీదైనవన్నీ మేలైనవీ కావు. కొక్కెంలోని లోపాలలో కంటికి కనిపించేవి, కనిపించనివి అని రెండు రకాలున్నాయి. ఈ భేదం తెలిసినవారు తక్కువ ఖర్చుతో మంచి కొక్కేలను ఎంచుకోగలరు.

చరిత్ర

గాలపు కొక్కెం మానవుని అతి ప్రాచీన పనిముట్లలో ఒకటి. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఒక గుహలో సుమారు 23,000 సంవత్సరాల నాటి గుల్లతో చేసిన కొక్కేలు లభించాయి. కృత్రిమ ఈగను గురించిన తొలి స్పష్టమైన వర్ణన క్రీ.శ. 200 ప్రాంతంలో రోమన్ రచయిత ఈలియన్ రచనలో కనిపిస్తుంది. మాసిడోనియా ప్రజలు కొక్కేనికి ఎర్రటి ఉన్ని చుట్టి, కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారని ఆయన వ్రాశాడు.

1496లో ఇంగ్లాండులో అచ్చయిన గాలపు వేట గ్రంథం కొక్కేన్ని ఇంట్లోనే చేసుకొనే విధానాన్ని వివరించింది. కుట్టుసూదిని ఎర్రగా కాల్చి మెత్తబరచి, కత్తితో ముల్లు లేపి, మొన పదును చేసి, వంచి, మళ్ళీ కాల్చి నీటిలో ముంచాలి. సూదికీ కొక్కేనికీ గల ఈ చుట్టరికం తరువాత కూడా కొనసాగింది. సూదుల తయారీకి పేరుపొందిన రెడ్డిచ్ అనే ఇంగ్లీషు పట్టణమే 19వ శతాబ్దంలో గాలపు కొక్కేలకు కూడా కేంద్రమయింది. నార్వేకు చెందిన ముస్టాడ్ సంస్థ 1877లో కొక్కేల తయారీని ప్రారంభించి, యంత్రాల సహాయంతో వాటిని ప్రపంచమంతటా చవకగా అందుబాటులోకి తెచ్చింది. 20వ శతాబ్దపు రెండవ భాగంలో జపాన్ తయారీదారులు పదునైన మొనకు పేరు తెచ్చుకున్నారు.

బెజ్జం గల కొక్కెం

పూర్వం చిన్న కొక్కేలకు బెజ్జం ఉండేది కాదు. పట్టుపురుగు నుండి తీసిన తంతువును కొక్కెం కాడకు కలిపి కట్టి, దానిపైన ఈగను కట్టేవారు. పదేపదే విసిరినప్పుడు ఆ తంతువు కొక్కెం తల దగ్గర నలిగి తెగేది. తంతువు పోతే ఈగ కూడా పనికిరాకుండా పోయేది. 1879 ప్రాంతంలో హెన్రీ సింక్లెయిర్ హాల్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు సన్నని తీగతో చేసిన, బెజ్జం గల చిన్న కొక్కేలను రూపొందించి ప్రచారంలోకి తెచ్చాడు. బెజ్జం వలన పాత దారాన్ని కోసివేసి అదే ఈగను కొత్త దారానికి కట్టుకోవడం సాధ్యమయింది. భారతదేశంలో అనేక తరాల విద్యార్థులు చదివిన హాల్ అండ్ నైట్ బీజగణితం రచయితలలో ఒకరైన హాల్ ఈయనే. 1886లో ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ ప్రచురించిన తేలే ఈగల గ్రంథంతో ఈ కొక్కేలకు మరింత ప్రాచుర్యం లభించింది.

భాగాలు

బెజ్జం: దారం కట్టే రంధ్రం. ఇది క్రిందికి వంగి, పైకి వంగి, లేదా తిన్నగా ఉండవచ్చును.
కాడ: బెజ్జం నుండి వంపు వరకు ఉండే భాగం. ఈగను కట్టేది దీనిమీదనే.
వంపు: కాడ తరువాత తిరిగే భాగం. గుండ్రని వంపు, స్ప్రోట్ వంపు, లిమరిక్ వంపు మొదలైన రకాలు కలవు.
నోరు: కాడకూ మొనకూ మధ్య ఉండే ఎడం. ఇది ఇరుకైతే చేప పెదవికి కొక్కెం సరిగా పట్టదు.
మొన: చేప నోట దిగే పదునైన కొస.
ఎదురుముల్లు: మొన వెనుక, దిగిన కొక్కెం జారిపోకుండా ఆపే చిన్న ముల్లు. ఇది లేని కొక్కేలు కూడా విరివిగా దొరుకుతున్నాయి.

కొలతలు

కొక్కెం కొలతల అంకెలు మొదట చూసేవారికి తికమక కలిగిస్తాయి. అంకె పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. 16వ నంబరు కొక్కెం 10వ నంబరు కంటే చిన్నది. 1 కంటే పెద్దవాటిని 1/0, 2/0, 3/0 అని వ్రాస్తారు, అక్కడ మాత్రం అంకెతోపాటు పరిమాణం కూడా పెరుగుతుంది. ఈగల కొక్కేలు ఎక్కువగా సరిసంఖ్యలలోనే లభిస్తాయి.

పొట్లం మీద 2ఎక్స్ లాంగ్ అని ఉంటే, సంప్రదాయం ప్రకారం, ఆ కొక్కెం కాడ రెండు కొలతలు పెద్దదైన మామూలు కొక్కెం కాడంత పొడవుంటుందని అర్థం. అదే విధంగా ఫైన్ అంటే తీగ సన్నన, హెవీ అంటే తీగ లావు. అయితే తయారీదారులందరూ పాటించే ఒకే ప్రమాణం లేదు. ఒక సంస్థ 14వ నంబరు మరొక సంస్థ 12వ నంబరుకు దగ్గరగా ఉండవచ్చును. అందుచేత కొత్త రకం కొనేటప్పుడు నంబరును మాత్రమే నమ్మక, కాడ పొడవును, నోటి వెడల్పును పాత కొక్కెంతో పోల్చి చూడడం మంచిది.

తయారీ

మంచినీటి కొక్కేలను ఎక్కువగా కర్బనం అధికంగా ఉన్న ఉక్కు తీగతో చేస్తారు. సముద్రపు వేటకు తుప్పు పట్టని ఉక్కును లేదా మందమైన లోహపు పూత వేసిన ఉక్కును వాడతారు. తీగను ముక్కలుగా కోసి, మొన సానబట్టి, ఎదురుముల్లు లేపి, బెజ్జం చుట్టి, వంపు తిప్పుతారు. ఇంతవరకు తీగ మెత్తగానే ఉంటుంది. ఆ తరువాత సుమారు 800 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి చేసి, ఒక్కసారిగా నూనెలో చల్లారుస్తారు. దీనితో ఉక్కు చాలా గట్టిపడుతుంది, కానీ గాజువలె పెళుసవుతుంది. మళ్ళీ తక్కువ వేడిమీద కొంతసేపు ఉంచితే పెళుసుతనం తగ్గి, వంగి తిరిగి లేచే గుణం వస్తుంది. దీనినే పదును పట్టడం అంటారు. కొడవలికి కమ్మరి పదును పట్టేదీ ఈ సూత్రంపైనే.

కొక్కెం నాణ్యత ప్రధానంగా ఈ చివరి దశపై ఆధారపడి ఉంటుంది. పదును ఎక్కువైతే కొక్కెం పుటుక్కున విరుగుతుంది, తక్కువైతే చేప లాగినప్పుడు తీగవలె సాగి తెరచుకొంటుంది. రెండూ చూడడానికి ఒకే విధంగా ఉంటాయి. రసాయనిక పదును అని ముద్రించిన కొక్కేలను ఆమ్లంలో ముంచి మొనను మరింత సన్నబరుస్తారు. ఇది మొన పదునుకే సంబంధించినది, తీగ బలానికి హామీ కాదు.

పరీక్షించే విధానం

ఎక్కువ మొత్తంలో కొనే ముందు ఒక చిన్న పొట్లం తెప్పించి, అందులోని పది కొక్కేలను ఈ క్రింది విధంగా పరీక్షించవచ్చును.

1. వరుసలో పేర్చడం: పది కొక్కేలను తెల్లకాగితంపై పక్కపక్కన పెట్టాలి. కాడల పొడవు, వంపు, బెజ్జం కోణం ఒకే తీరుగా ఉన్నాయో లేదో వెంటనే తెలుస్తుంది.
2. బెజ్జం: భూతద్దంతో చూడాలి. చుట్టు పూర్తిగా మూసుకోక సందు ఉంటే సన్నని దారం అందులో ఇరుక్కొని తెగుతుంది లేదా జారిపోతుంది. చిన్న సందును ఈగ కట్టే దారంతోనూ వార్నిష్‌తోనూ మూయవచ్చును.
3. గోటి పరీక్ష: మొనను బొటనవ్రేలి గోటిపై ఆనించి, బరువు వేయకుండా మెల్లగా లాగాలి. పదునైన మొన గోటిని పట్టుకొంటుంది, మొద్దుమొన జారిపోతుంది.
4. వంచే పరీక్ష: కొక్కెం వంపును వైస్‌లో బిగించి, బెజ్జం వైపు కాడను వ్రేలితో కొద్దిగా క్రిందికి నొక్కి వదలాలి. మంచి కొక్కెం వెంటనే యథాస్థానానికి వస్తుంది. వంగి అలాగే ఉండిపోతే అది మెత్తనిది, విరిగితే పెళుసైనది. ముక్క ఎగిరి కంట పడే ప్రమాదం ఉన్నందున కళ్ళద్దాలు పెట్టుకొని ఈ పరీక్ష చేయాలి.
5. ఎదురుముల్లు నొక్కడం: నున్నని దవడలు గల పట్టకారుతో ముల్లును నెమ్మదిగా నొక్కాలి. మొన విరగకుండా ముల్లు మాత్రమే అణగాలి.
6. ఉప్పునీటి పరీక్ష: రెండు రకాల కొక్కేలను ఒక రాత్రి ఉప్పునీటిలో ఉంచితే వాటి పూతల తేడా తెలుస్తుంది. ఇది పోల్చడానికి మాత్రమే. మంచినీటి కొక్కేలకు ఇందులో కొంత తుప్పు సహజం.

వీటిలో మొదటి మూడు కనిపించే లోపాలను, నాలుగవది, ఐదవది కనిపించని లోపాలను పట్టి ఇస్తాయి.

ధర, నాణ్యత

ఒక ఊహాత్మక లెక్కను తీసుకొందాం. ఒక రకం 100 కొక్కేలు 300 రూపాయలు, అంటే ఒక్కొక్కటి 3 రూపాయలు. మరొక రకం 25 కొక్కేలు 400 రూపాయలు, అంటే ఒక్కొక్కటి 16 రూపాయలు. మొదటి రకంలో వందకు 20 వంకరగా ఉండి పారవేయవలసి వచ్చినా, మిగిలిన 80 ఒక్కొక్కటి 3 రూపాయల 75 పైసలే పడతాయి. కనిపించే లోపాలను కట్టకముందే ఏరివేయగలం కాబట్టి, ఆ నష్టం భరించదగినది.

అదే రకంలో పదును లోపం ఉంటే లెక్క మారుతుంది. లోపం ఈగను కట్టిన తరువాత, చేప పడిన తరువాత బయటపడుతుంది. అప్పుడు పోయేది 3 రూపాయలు కాదు. అరగంట పని, ఈకలు, దారం, ఆ దినమంతా ఎదురుచూసిన చేప కూడా పోతాయి. విరిగిన మొన చేప నోటిలోనే మిగిలిపోతుంది. కావున వంచే పరీక్షలో పదింటిలో రెండు మూడు తప్పినా ఆ రకాన్ని ఎంత చవకైనా విడిచిపెట్టడమే లాభం. వంకర కొక్కెం ధరను తగ్గించి చూడవచ్చును గాని, మెత్తని కొక్కేనికి ధర లేదు.

పొదుపు చేయడానికి ఈ క్రింది సూచనలు ఉపకరిస్తాయి.

కట్టడం నేర్చుకొనే దశలో 10 లేదా 12వ నంబరు చవక కొక్కేలు చాలు. చిన్నవాటితో మొదలుపెడితే చేయి కుదరదు.
రాళ్ళకూ మొద్దులకూ తగులుకొని తరచుగా పోయే, అడుగున తిరిగే ఈగలకు, పరీక్షలో నెగ్గిన చవక రకాన్ని వాడవచ్చును.
18వ నంబరు కంటే చిన్న కొక్కేలకు, బలమైన చేపల కొక్కేలకు ఖర్చుకు వెనుకాడరాదు. తీగ మరీ సన్ననైనప్పుడు గాని, లాగుడు మరీ ఎక్కువైనప్పుడు గాని పదునులోని చిన్న లోపం కూడా బయటపడుతుంది.
అనేక రకాలు కొనే బదులు మూడు రకాలతో సరిపెట్టుకోవచ్చును. తేలే ఈగలకు సన్నతీగ, మునిగే ఈగలకు లావుతీగ, చిన్నచేపను పోలిన ఈగలకు పొడవు కాడ.
పాత ఈగ చెడిపోతే దారాన్ని జాగ్రత్తగా కోసివేసి, తుప్పు పట్టని కొక్కేన్ని మళ్ళీ వాడుకోవచ్చును. మొద్దుబారిన మొనను సన్నని ఆకురాయితో సరిచేయవచ్చును.

ముస్టాడ్ వారి 94840 అనే తేలే ఈగల కొక్కెం నూరేసి పెట్టెలలో దొరుకుతూ అనేక దశాబ్దాలు సామాన్యుల కొక్కెంగా చలామణి అయింది. చవకదనం నాణ్యతకు ఎల్లప్పుడూ విరోధి కాదనడానికి ఇది ఒక ఉదాహరణ.

ఎదురుముల్లు లేని కొక్కేలు

పట్టిన చేపను తిరిగి నీటిలో వదిలే ఆచారం పెరిగినకొద్దీ ఎదురుముల్లు లేని కొక్కేల వాడకం కూడా పెరిగింది. అనేక దేశాలలో కొన్ని నదులపై ఇవి తప్పనిసరి. చేప నోటికి గాయం తక్కువవుతుంది, మనిషి వ్రేలికి గుచ్చుకొన్నా తేలికగా వస్తుంది. వీటికి అదనంగా ఖర్చు చేయవలసిన పనిలేదు. మామూలు కొక్కెం ముల్లును పట్టకారుతో నొక్కివేసినా అదే ప్రయోజనం లభిస్తుంది. నొక్కవలసినది ఈగను కట్టక ముందు. కట్టిన తరువాత మొన విరిగితే శ్రమ వృథా అవుతుంది.

భారతదేశంలో

ట్రౌట్ భారతదేశానికి బ్రిటిషు వారి కాలంలో వచ్చిన చేప. కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్, నీలగిరులు వంటి చల్లని ప్రాంతాల నీళ్ళలో దీనిని ప్రవేశపెట్టారు. కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్‌లలో దీనిని పట్టడానికి మత్స్యశాఖ అనుమతి పత్రం అవసరం. ఈ వాగులలో 10 నుండి 16 వరకు గల కొక్కేలు సాధారణంగా సరిపోతాయి.

మహసీర్ విషయం వేరు. ఈ జాతిలో ఒకటైన దక్కన్ మహసీర్ కృష్ణా, గోదావరి నదీవ్యవస్థలకు స్వస్థలపు చేప. మహసీరుకు దవడలపై పళ్ళుండవు, గొంతులో ఉంటాయి. దాని పట్టు, నోటి ఒత్తిడి ఎంత బలమైనవంటే సన్నతీగ కొక్కేలు నలిగిపోతాయి. మద్రాసు ప్రెసిడెన్సీ ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేటపై వెలువరించిన గ్రంథంలో మహసీరుకు ప్రధాన స్థానం ఇచ్చాడు. ట్రౌట్ కొరకు కొన్న సన్న కొక్కేలను మహసీరుకు వాడడం పొదుపు కాదు. లావుతీగతో చేసి, వంచే పరీక్షలో నెగ్గిన కొక్కేలనే దానికి ఎంచుకోవాలి.